సబ్‌టైటిల్ చదవడం తెలుగు నేర్చుకోవడం కాదు

"తెలుగు నేర్చుకోవాలంటే సినిమాలు చూడండి." ఈ సలహా ఇవ్వని తెలుగు మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. ద పాండ్స్‌లో సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే ఒకరు చెబుతారు. ఆదివారం గుడి వంటింట్లో పులిహోర కలుపుతుంటే ఇంకొకరు చెబుతారు. చెప్పేవాళ్ళకి తెలుగు పుట్టుకతో వచ్చింది. వాళ్ళేమీ సినిమా చూసి నేర్చుకోలేదు. నేర్చుకుంటున్న మనం మాత్రం ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాం. ఇండియా నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తే "బాగున్నావా, తిన్నావా" దాటి ఒక్క మాట ముందుకు పోవడం లేదు.

నా మాట ఇది. మనం చూసే సినిమాలు మనకి పనికొచ్చేవి కావు. చూసే పద్ధతి అసలే పనికిరాదు. కోపం వస్తే రానివ్వండి. ఈ మధ్య చూసినవి ఏవి బాగున్నాయో, ఎక్కడ దొరుకుతాయో కింద చెబుతాను. ముందు పోట్లాట కానివ్వండి.

ఆర్ ఆర్ ఆర్ సంగతే తీసుకుందాం. 2022 మార్చి 25న హాళ్ళలోకి వచ్చింది. మే 20న ఓటీటీకి వచ్చింది. ఎలా వచ్చింది? తెలుగు సినిమా జీ5లో, దాని హిందీ డబ్బింగ్ నెట్‌ఫ్లిక్స్‌లో. ప్రపంచంలో ఎక్కువమంది ఇళ్ళల్లో ఉన్నది నెట్‌ఫ్లిక్స్. అందుకని ఇంట్లో కూర్చుని చూసిన విదేశీయుల్లో చాలామంది చూసింది హిందీ సినిమా. 2023 మార్చిలో "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చింది. కీరవాణి గారు, చంద్రబోస్ గారు స్టేజి ఎక్కారు. మనందరికీ కళ్ళు చెమర్చాయి. కానీ నెట్‌ఫ్లిక్స్‌లో ఆ సీను వస్తే వినబడేది "నాచో నాచో". ఆస్కార్ వచ్చిన మాటే అందులో లేదు!

ఒక్కసారితో అయిపోయిందా అంటే లేదు. 2024లో కల్కి 2898 ఏడీ వచ్చింది. ఆగస్టు 22న ఓటీటీలో పెట్టారు. తెలుగు ప్రైమ్‌లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. మళ్ళీ అదే పంపకం.

కంపెనీలని నేను తిట్టడం లేదు. హక్కులు ఎవరు కొనుక్కుంటే వాళ్ళు వేసుకుంటారు, అది వ్యాపారం. నా గొడవ మనతో. మన ఇళ్ళల్లో చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, నెట్‌ఫ్లిక్స్‌కి ఎలాగూ డబ్బు కడుతున్నాం కదా అని అందులో ఉన్నది పెట్టేస్తాం. తెలుగు వాళ్ళ ఇంట్లో, తెలుగు సినిమాని, హిందీలో వింటూ, ఇంగ్లీషులో చదువుతారు పిల్లలు. రెండు భాషలు పనిచేస్తున్నాయి, అందులో తెలుగు లేదు. తర్వాత "మా వాడు తెలుగు సినిమాలు తెగ చూస్తాడండీ" అని గుడిలో చెబుతాం.

హాల్లో చూస్తే నయమా? బ్లాక్‌టౌన్‌లో హోయ్ట్స్ ఉంది, రౌస్ హిల్‌లో రీడింగ్ ఉంది. పెద్ద తెలుగు సినిమా వస్తే పార్కింగ్ దొరకదు. ఈల వేస్తారు, కాగితాలు విసురుతారు. అదంతా నాకూ ఇష్టమే, ఈ వయసులో కూడా. కానీ ఇక్కడ హాల్లో తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతూ ఉంటాయి. రిమోట్ మన చేతిలో ఉండదు. కన్ను అటే పోతుంది. ఇంగ్లీషు చదవడం వచ్చినవాడి కన్నుని ఇంగ్లీషు అక్షరాల మీద నుంచి తప్పించడం ఎవరి తరమూ కాదు. కన్ను చదువుతున్నంతసేపు చెవి నిద్రపోతుంది.

మీ ఇంట్లో ఒకసారి గమనించండి. సోఫాలో అమ్మమ్మ, పక్కన మనవరాలు. కామెడీ సీను. సబ్‌టైటిల్ ముందే వచ్చేస్తుంది, నటుడు మాట పూర్తి చేసేది తర్వాత. అందుకని మనవరాలు ముందు నవ్వుతుంది. అమ్మమ్మ "ఏమైందే?" అని దాని ముఖం చూస్తుంది. రెండు క్షణాల తర్వాత అమ్మమ్మ నవ్వుతుంది, అప్పటికి మనవరాలి నవ్వు అయిపోయింది. ఒకే సోఫా, ఒకే టీవీ, ఇద్దరూ చూస్తున్నది రెండు సినిమాలు. ఆవిడ వీసా ఆరు నెలలో, మూడు నెలలో. ఆ కాస్త రోజులూ ఇలా గడిచిపోతున్నాయి.

ఇంగ్లీషు సబ్‌టైటిల్ రాసేవాళ్ళని కూడా తప్పుపట్టలేం. ఇంగ్లీషులో లేని వస్తువుని వాళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు? నువ్వు, మీరు, తమరు మూడింటికీ అక్కడ ఒకే మాట. మనం, మేము రెండింటికీ ఒకే మాట. "మనం వెళ్దాం" అంటే నిన్ను కూడా కలుపుకున్నట్టు. "మేము వెళ్తాం" అంటే నువ్వు ఇంట్లో ఉండు అని. కుటుంబం కథ సినిమాలో సగం గొడవ ఈ రెండు మాటల మధ్యలోనే ఉంటుంది, కింద చదివేవాడికి అది కనబడదు. బాబాయి, పెద్దనాన్న, మావయ్య, పక్కింటాయన, ఆటో డ్రైవర్, అందరూ కలిసి ఒక్క అంకుల్ అయిపోతారు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండా తెలుగు సినిమా చూడటం, పేకలో రంగులు తెలియకుండా రమ్మీ ఆడినట్టు.

పెద్ద హీరో సినిమాల్లో ఇంకో చిక్కు ఉంది. హీరో ఎవరినీ "మీరు" అనడు. మినిస్టర్‌ని నువ్వంటాడు, కలెక్టర్‌ని నువ్వంటాడు, విలన్ సంగతి చెప్పక్కర్లేదు. మొన్నామధ్య గుడిలో బియ్యం బస్తాలు దింపడానికి ఒక అబ్బాయి వచ్చాడు. చాలా మంచి పిల్లవాడు. డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు బస్తా పట్టుకోబోతే, "నువ్వు పక్కకి జరుగు, నేను చూసుకుంటా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. పెద్దాయన ముఖం మాడిపోయింది. ఆ పిల్లవాడి తెలుగంతా సినిమాల నుంచి వచ్చిందే. వాడికి "మీరు" అనే మాట ఎవరు వినిపించారు గనుక?

ఇక్కడ ఒక ఎదురు మాట వస్తుంది, అది తీసిపారేసేది కాదు. "పెద్ద సినిమాలు లేకపోతే పిల్లలు తెలుగు వైపు తిరిగి కూడా చూడరు. స్కూల్లో తెల్ల పిల్లలు నాటు నాటు డాన్సు చేస్తుంటే మా వాడికి మొదటిసారి గర్వం వచ్చింది" అంటారు. నిజమే. నేనూ చూశాను ఆ గర్వం. కానీ ఆ డాన్సు చేసే పిల్లల్ని "నాటు" అంటే ఏమిటి అని అడిగి చూడండి. నేను అడిగాను. నలుగురిలో ముగ్గురు "డాన్స్" అన్నారు, ఒకమ్మాయి "స్ట్రాంగ్" అంది. నాటు అంటే మన ఊరిది, పైమెరుగు లేనిది. నాటు కోడి, నాటు మందు, నాటు వైద్యం. దీనికి ఎదురు మాట "సీమ". సీమ చింతకాయ, సీమ వంకాయ, అంటే బయటి దేశం నుంచి వచ్చినవి. (రాయలసీమలో సీమ వేరు, కలపకండి.) ఆ లెక్కన సిడ్నీలో పెరిగిన మన పిల్లలు సీమ పిల్లలు, నాటు పాటకి డాన్సు చేస్తున్నారు. ఇంత సరదా అయిన సంగతి చెప్పడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోయింది. గర్వం తలుపు తీస్తుంది, ఒప్పుకుంటాను. తలుపు తీశాక లోపలికి రావాలి కదా.

2016 సెన్సస్‌లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 34 వేల పైచిలుకు. 2021కి సుమారు 59 వేలు. ఇంతమందిమి ఉండి, మనం అడగాల్సిన ఒక్క వస్తువు అడగడం లేదు. అది తెలుగు అక్షరాల్లో తెలుగు సబ్‌టైటిల్.

ఇది నా సొంత తెలివి కాదు. బ్రిజ్ కొఠారి అనే ఆయన అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో స్నేహితులతో కలిసి స్పానిష్ సినిమా చూస్తున్నారు. స్పానిష్ నేర్చుకుంటున్న రోజులు. తెర అడుగున ఇంగ్లీషు వస్తోంది. ఇదే స్పానిష్‌లో వస్తే మనకి స్పానిష్ వచ్చేది కదా అనిపించింది. ఆ ఆలోచన ఇండియాకి తీసుకొచ్చారు. 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో పని మొదలైంది. సినిమా పాట ఏ భాషలో ఉందో అదే భాషలో కింద అక్షరాలు వేయడం. దూరదర్శన్‌లో గుజరాతీ పాటలతో మొదలుపెట్టి తర్వాత వేరే భాషలకి వెళ్ళారు. బడిలో అక్షరాలు నేర్చుకుని మర్చిపోయినవాళ్ళు పాటతో పాటు చదవడం మొదలుపెట్టారు. చెవికి తెలిసిన మాట కంటికి కనబడితే అక్షరం అతుక్కుంటుంది. మన సంగతి కూడా అంతే. మనకి చెవిలో ఎంతో కొంత తెలుగు ఉంది, కంటికే లేదు.

నేను హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగులో మాట్లాడితే ఫైన్ కట్టించుకునే స్కూలు. చదవడం, రాయడం అరవై దగ్గర పడ్డాక ఒక్కణ్ణే నేర్చుకున్నాను. వత్తులు నాకు పట్టుబడింది పుస్తకంతో కాదు, యూట్యూబ్‌లో పాటలతో. కొన్ని లిరికల్ వీడియోల్లో పాట తెలుగు అక్షరాల్లో వస్తుంది. అలాంటివి వెతికి పట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట వేసేవి వదిలేయండి, వాటిలో కల, కళ రెండూ ఒక్కలాగే ఉంటాయి.

తెలుగు సబ్‌టైటిల్ ఉన్న సినిమాలు తక్కువ. ఉన్నప్పుడు సెట్టింగ్‌లో మార్చుకోవడం మనకే బద్ధకం. లేనప్పుడు నేను చేసేది చెబుతాను. పది నిమిషాల ముక్క తీసుకుంటాను. అక్షరాలు ఆపేసి చూస్తాను. సగం అర్థం కాదు, ఫరవాలేదు. మళ్ళీ అదే ముక్క చూస్తాను. అప్పటికీ తెలియని మాట ఉంటే రాసుకుని ఆంధ్రభారతి నిఘంటువులో వెతుకుతాను. ఆఖరికి కూడా ఇంగ్లీషు పెట్టను, ఇంట్లో మనిషిని అడుగుతాను. అడగడమే అసలు పాఠం. సినిమా పూర్తవడానికి రెండు వారాలు పడుతుంది. నాకేమీ రైలు అందుకునే తొందర లేదు.

ఏ సినిమా చూడాలి? దీనికి నా జవాబు చాలామందికి నచ్చదు. మీ అమ్మమ్మ ఊరి సినిమా చూడండి. "బలగం పిల్లలకి చూపించకండి, అది యాస, మంచి తెలుగు రాదు" అని ఒకావిడ నాతో అన్నారు. ఎవరి తెలుగు మంచి తెలుగు? మీ నానమ్మది సిరిసిల్ల అయితే ఆవిడ మాట్లాడేది అదే. పిల్లకి న్యూస్ రీడర్ తెలుగు వచ్చి నానమ్మ తెలుగు రాకపోతే ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలి, న్యూస్ రీడర్‌తోనా?

బలగం 2023లో వచ్చింది, వేణు ఎల్దండి తీశారు, ప్రైమ్‌లో ఉంది. తాత కొమురయ్య చనిపోతాడు, కాకి పిండం ముట్టదు. ఎందుకు ముట్టలేదు అని ఇల్లంతా ఒకరినొకరు అనుకుంటారు. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లి బొక్క కోసం అల్లుడితో వచ్చిన గొడవ ఇన్నేళ్ళూ నడుస్తూనే ఉంది. తెలంగాణ ఊళ్ళల్లో ఈ సినిమాని బయట తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు. దీంట్లో బాపు, అవ్వ, బావ, మామ, ప్రతి పిలుపూ వినండి, ఎవరు ఎవరిని ఎలా పిలుస్తున్నారో కాగితం మీద రాయండి, చెట్టు బొమ్మ వచ్చేస్తుంది. బలగం అంటేనే మన వాళ్ళు అని. గుడిలో పితృకార్యాల గురించి అడగడానికి వచ్చే చిన్నవాళ్ళకి నేను ముందు ఈ సినిమా చూడమని చెబుతాను. (ఇక్కడి కాకులు వేరే రకం, చంటిపిల్ల ఏడ్చినట్టు అరుస్తాయి. అవి మాత్రం దేన్నైనా ముట్టేస్తాయి.)

గుంటూరు వాళ్ళకి మిడిల్ క్లాస్ మెలొడీస్, 2020, ప్రైమ్. పల్లెటూరి హోటల్ వాళ్ళబ్బాయి గుంటూరులో హోటల్ పెట్టి బొంబాయి చట్నీ అమ్మాలనుకుంటాడు. ప్రేమకథ నాకు చప్పగా అనిపించింది. కానీ తండ్రి వేషం వేసిన గోపరాజు రమణ గారి తిట్లు వినండి. ప్రేమ ఉన్న తిట్టు ఎలా ఉంటుందో, లేని తిట్టు ఎలా ఉంటుందో ఆయన గొంతులో తెలుస్తుంది. మన పిల్లలకి ఆ తేడా తెలియక తాతగారు తిట్టారని ఏడుస్తారు.

విశాఖ వాళ్ళకి కేరాఫ్ కంచరపాలెం, 2018. అందులో ఎక్కువమంది ఆ పేట వాళ్ళే, అంతకుముందు సినిమాలో చేసినవాళ్ళు కాదు. అందుకే ఎవరూ డైలాగు చెప్పినట్టు ఉండదు, మాట్లాడినట్టు ఉంటుంది. నేను నెట్‌ఫ్లిక్స్‌లో చూశాను. ఇవి వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి జస్ట్‌వాచ్‌లో దేశం ఆస్ట్రేలియా అని పెట్టి వెతుక్కోండి. కర్ణాటక సరిహద్దు దగ్గర వాళ్ళకి సినిమా బండి, 2021, నెట్‌ఫ్లిక్స్. ఆటో డ్రైవర్‌కి ఖరీదైన కెమెరా దొరుకుతుంది, ఊరంతా కలిసి సినిమా తీద్దామనుకుంటారు. మధ్యలో కాస్త నెమ్మది, కానీ రెండు గంటలు కూడా లేదు.

గోదావరి వాళ్ళు సంక్రాంతికి వస్తున్నాం చూసే ఉంటారు, 2025, జీ5. నవ్వాను, కాదనను. అందులో బుల్లిరాజు అనే పిల్లవాడు ఓటీటీలు చూసి బూతులు నేర్చుకుంటాడు. మన పిల్లలకి మిగతా సినిమాలో ఒక్క ముక్క గుర్తు లేదు గానీ బుల్లిరాజు మాటలు మాత్రం ఒక్కసారికే వచ్చేశాయి. అవి నేర్చుకోవడానికి సబ్‌టైటిల్ అవసరం పడలేదు, గమనించారా? ఇష్టమైతే చెవి పనిచేస్తుంది.

తిరుపతి వాళ్ళకి, నిజానికి అందరికీ, 35 చిన్న కథ కాదు. 2024, ఆహాలో ఉంది. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు రావు. రావు అంటే మొద్దు కాదు. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని అడుగుతాడు. జవాబు చెప్పలేక అందరూ వాడినే జీరో అంటారు. పెద్దగా చదువుకోని తల్లి తను లెక్కలు నేర్చుకుని కొడుక్కి చెబుతుంది. నివేదా థామస్ చేశారు ఆ తల్లిగా. అక్కడక్కడ పాఠం చెప్పినట్టు ఉంది, పది నిమిషాలు తగ్గించవచ్చు. అయినా నేర్చుకుంటున్న మనలాంటివాళ్ళు చూడాల్సిన సినిమా, ఎందుకంటే ఆ పిల్లవాడు అడిగే ప్రశ్నలు మనం తెలుగులో అడిగేవే. వత్తు ఎందుకు, అరసున్న ఎందుకు పోయింది, "చేసి"కి "చేసే"కి తేడా ఏమిటి. ఎవరూ సరిగ్గా చెప్పరు, "అలాగే అంటారు" అంటారు.

ఒక సరదా చెబుతాను. ప్రియదర్శి అనే నటుడు బలగంలో మనవడు, 35లో లెక్కల మాస్టారు, కోర్ట్‌లో లాయరు. మెయిల్ అని ఆహాలో 2021 సినిమా ఉంది, తెలంగాణ పల్లెకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజుల కథ, అందులోనూ ఆయనే. నాలుగూ వరసగా చూడండి. ఒకే మనిషి నోట్లో నాలుగు రకాల తెలుగు. గొంతు ఒకటే కాబట్టి మారింది ఏమిటో చెవికి దొరుకుతుంది. ఇంతకంటే మంచి లిజనింగ్ టెస్టు ఏ పుస్తకంలోనూ లేదు. (కోర్ట్ 2025, నెట్‌ఫ్లిక్స్. పదిహేను దాటిన పిల్లలతో చూడండి, పక్కన కూర్చుని.)

పాత సినిమాల వాళ్ళు కూడా ఉన్నారు. "మాయాబజార్ చూపించండి, ఇంకేమీ అక్కర్లేదు" అంటారు. మాయాబజార్‌ని ఒక్క మాట అననివ్వను. పింగళి వారి తెలుగు అది. కానీ ఘటోత్కచుడి తెలుగుతో కొట్టుకి వెళ్ళి కందిపప్పు అడగలేం. 1957 సినిమాకంటే 1955 సినిమా మిస్సమ్మ మనకి ముందు పనికొస్తుంది. ఇంటి మాటలు, అద్దె ఇల్లు, ఉద్యోగం, అలక. ఇద్దరు భార్యాభర్తలుగా నటిస్తుంటారు, కోపం వస్తే పిలుపు ఎలా మారుతుందో, నలుగురి ముందు ఎలా మారుతుందో వినండి. యూట్యూబ్‌లో దొరుకుతుంది, బొమ్మ అంత బాగుండదు.

మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఇప్పుడు ఉంటే, వచ్చే నెల ఫ్లైట్ అయితే, ఈ శనివారమే పెట్టండి. రిమోట్ ఆవిడ చేతికి ఇవ్వండి, ఎక్కడ ఆపాలో ఆవిడే చూసుకుంటారు, ఆపినప్పుడల్లా పది నిమిషాలు మాట్లాడతారు. సబ్‌టైటిల్ ఎలా తీసేయాలో ఆవిడకి తెలియదు. అది మాత్రం ముందే తీసేసి ఇవ్వండి.